కేక పరీక్ష

ఫోను చచ్చిపోయిందేమోనని ఇంకోసారి తీసి చూశాడు, చావలేదు, నిక్షేపంలా ఉంది, ఛార్జింగూ సిగ్నలూ నిండుగా ఉన్నాయి, ఆఫీసు నుంచి మాత్రం నరమానవుడి జాడ లేదు, సెలవు పెట్టి నాలుగు రోజులు, పెట్టడమేమిటి, పెట్టించారు, నువ్వు ఇంట్లో కూర్చుని ఎన్నేళ్లయిందయ్యా, ఓ వారం రెస్టు తీసుకో, ఫోను కూడా చెయ్యం అన్నాడు డైరెక్టరు, ఆ మనిషి నోట్లోంచి అంత తీపి రావడం ప్రభుత్వం ఆ పరిశోధనా సంస్థ పెట్టాక అదే మొదటిసారి, అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు, సర్వర్ల గదిలో ఎండాకాలం కూడా స్వెట్టరు వేసుకుని కూర్చుని కూర్చుని మెదడు సగం గడ్డకట్టింది కాబోలు, సీనియర్ సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటరంటే ఏమిటో కట్టుకున్న భార్యకే తెలియదు, కంప్యూటర్లు బాగుచేస్తారండీ అని చెప్పుకుంటుంది, ఆ పుణ్యాన ఏ చుట్టం ఇంటికెళ్లినా మంచినీళ్ల కన్నా ముందు పాడైపోయిన ప్రింటరు వస్తుంది, ఇంతకీ ఇలా పక్కన పెట్టి చూసే విద్య డైరెక్టరుకి నేర్పింది తనే, నిన్న పళ్లు తోముకుంటుంటే వెలిగింది, నురగ నోట్లోనే ఉండిపోయింది, గదిలో ఓ మూల ఎవరిదో తెలియని ముసలి సర్వరు నడుస్తూ ఉండేది, ఎవర్నడిగినా మాది కాదన్నారు, సార్, దీనికి ఒకటే మందు, తీగ పీకేద్దాం, ఎవరు కేక వేస్తే వాళ్లది, వారం దాకా ఎవరూ వెయ్యకపోతే తుక్కులో పడేద్దాం, మా వాళ్లు దీన్ని కేక పరీక్ష అంటారు అని గొప్పగా చెప్పాడు, డైరెక్టరు పడీపడీ నవ్వి, భలే ఉందయ్యా, మనుషులక్కూడా పనిచేస్తుందా ఇది అన్నాడు, తనూ నవ్వాడు, గొర్రెలా తలూపి మరీ నవ్వాడు, ఒక పోస్టు తగ్గించమని పైనుంచి కాగితం వచ్చిన వారమే అది, పీకింది తన తీగే.

ఫోను టింగుమంది, గబుక్కున తీశాడు, మనిషి కాదు, యంత్రం, పెద్ద సర్వర్లో చోటు నిండిపోతోందని తను పెట్టుకున్న హెచ్చరిక, ఇది మామూలే, పనికిరాని పాత ఫైళ్లు తుడిచేస్తే చాలు, ఇక్కణ్ణుంచే చెయ్యొచ్చు, ఎన్నిసార్లు అన్నం తింటూ ఎడమచేత్తో చెయ్యలేదు, చేసినట్టు ఒక్కడికైనా తెలిసిందా, బొటనవేలు ఫోను మీదే ఆగిపోయింది, తుడవకపోతే, ఏమీ చెయ్యకుండా ఊరికే కూర్చుంటే, మధ్యాహ్నానికల్లా నిండిపోతుంది, మేఘాల మేడమ్ లెక్క ఆగిపోతుంది, వానలు ఎప్పుడు పడతాయో తేల్చడానికి ఆవిడ నెలల తరబడి నడిపిస్తున్న లెక్క, మధ్యలో ఆగితే మళ్లీ మొదటికే, ఆవిడ గొంతు సామాన్యమైంది కాదు, ఓసారి ప్రింటరు ఐదు నిమిషాలు మొరాయిస్తే ఆవిడ వేసిన కేకకి మూడో అంతస్తు పావురాలు ఊరే మార్చేశాయి, ఆ కేక పడితే డైరెక్టరు పరిగెత్తుకొచ్చి బాబ్బాబు నువ్వు లేందే గడవదు అంటాడు, పోస్టు నిలబడుతుంది, పాపం ఆవిడేం చేసింది తనకి, ఏమీ చెయ్యలేదు, ఇన్నేళ్లలో పేరైనా అడగలేదు, ఏవండీ, ఆ ఫోన్ని అలా మింగేసేలా చూడకండి, పెళ్లిచూపుల్లో నన్ను కూడా అంతసేపు చూళ్లేదు అంది భార్య గుమ్మంలోంచి, ఆఫీసు వాళ్లు చేస్తారేమోనని అన్నాడు, వాళ్లకేం ఖర్మ అని వెళ్లిపోయింది, సర్వరు ఎంత నిండిందో చూపించే ఎర్ర గీత ఫోనులో పాకుతూ పాకుతూ చివరిదాకా వచ్చింది, ఒక్క నొక్కు నొక్కితే ఆగుతుంది, కుడిచేతిని తీసి తొడకింద పెట్టుకుని దాని మీదే కూర్చున్నాడు, నిండిపోయింది, అంతా ఆగిపోయింది, ఇక ఇప్పుడు మోగుతుంది, ఇప్పుడు, ఇదిగో ఇప్పుడు, కుక్కరు కూతేసింది, ఫోను మాత్రం గుడ్లప్పగించి చూస్తోంది.

ఉండబట్టలేక తనే చేశాడు, రిసెప్షన్ అమ్మాయి ఎత్తింది, అయ్యో మీరా సార్, సెలవులో కూడా నిద్రపట్టదా మీకు, అంతా బానే ఉందా అమ్మా, బ్రహ్మాండంగా ఉంది సార్, కంప్యూటర్లు ఆగిపోయాయంతే, అంతేనా, అంతే సార్, అందరూ క్యాంటీన్లో ఉన్నారు, ఇంతమంది ఒక్కసారి నవ్వడం నేను చేరాక చూళ్లేదు, డైరెక్టరు గారు బయట ఎండలో కుర్చీ వేయించుకుని బత్తాయి ఒలుచుకుంటున్నారు, మరి మేఘాల మేడమ్ అన్నాడు, ఆవిడ బ్యాగు సర్దుకుని ఎప్పుడో ఇంటికెళ్లిపోయారు సార్, పోన్లే, రిపోర్టుకి ఇంకో ఏడాది గడువు అడగొచ్చు అన్నారు, కోప్పడలేదా, దేనికి సార్, వెళ్తూ వెళ్తూ నాకు చాక్లెట్ కూడా ఇచ్చారు, మీరు మాత్రం కంగారుపడి వచ్చెయ్యకండి, వారం పూర్తిగా వాడుకునే రండి, అందరి తరఫునా చెబుతున్నా, అని నవ్వి పెట్టేసింది.

తను లేకపోతే ఆగుతుందా ఆగదా అని నాలుగు రోజులు కుమిలి కుమిలి చచ్చాడు, ఆగింది, శుభ్రంగా ఆగింది, పందెమైతే తనే గెలిచాడు, నడిచినా ఆగినా వాళ్లకొకటేనన్నది మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారైనా తట్టలేదు, జ్వరమొచ్చినా దుప్పటి కప్పుకునే వెళ్లి కాపలా కాసింది వాళ్ల పనిని కాదు, వాళ్ల నోటికాడి సెలవుని లాగేసుకుంటూ కూర్చున్నాడు, పేరు అడగలేదంటే అడగరు మరి, అంత పెద్ద భవనంలో ఏదైనా ఆగిపోతే కేక వేసేవాడు మొదట్నుంచీ ఒక్కడే, వాడు ఇదిగో, కుడిచెయ్యి తొడకింద పెట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు.