చెన్నపట్టణపుఁ గొలువు

వర్షర్తువు ముగియవచ్చి శరత్తు సమీపించుచున్న కాలమది. ఎఱ్ఱనీటి పొంగు తగ్గి నిర్మలోదకములతో మందగమనమునఁ బ్రవహించు గౌతమీనది సైకతస్థలములందు ఱెల్లుపూవులు ధవళచామరములవలె నూఁగుచుండ నస్తాద్రిశిఖరాభిముఖుఁడైన భాస్కరుని యరుణకిరణములు రాజమహేంద్రవరపు మేడల కిటికీలకుఁ గుంకుమ పూయుచుండెను.

అట్టి సాయంసమయమున నిన్నీసుపేటలోని యొక పెంకుటింటి యరుగుపైఁ దాళ్లూరి భావనారాయణ యనునాతఁడు చెన్నపట్టణమందలి యొక ముద్రాక్షరశాల యజమానునకు దరఖాస్తు వ్రాయుచుండెను. సీసపుటక్షరములఁ గూర్చుటయందుఁ జిరకాలము కృషిచేసి పండితులచేతఁ బ్రశంస లందిన యా ప్రవీణునకు గతగ్రీష్మమున సోఁకిన విషమజ్వరము ప్రాణములఁ గరుణించి శ్రవణశక్తిని మాత్ర మపహరించుకొని పోయెను. పిలిచినఁ బలుకఁడని కోపించి తొల్లిటి యజమానుఁడు పనినుండి తొలఁగించెను. ఊరిలోని తక్కిన ముద్రాక్షరశాలలవారును మొగము చాటు చేసిరి. నాఁటినుండి యాతఁడు బావమఱఁదియింటఁ దలవంచుకొని భుజించుచుండెను. కొలువు నిశ్చయము గాక భార్యతోఁ గూడ నెఱుఁగని పట్టణమునకుఁ బోవుటెట్లని ముందుగా దరఖాస్తులు పంపుచుఁ దన చెవిటితనమును దాఁపక తెలుపుచుండుటచేఁ గొందఱు వలదని వ్రాసిరి. కొందఱు బదులే పలుకరైరి.

భార్యయగు చూడామణి దీపము దెచ్చి ప్రక్కనుంచి యాతని భుజమును దాఁకెను. పెదవుల కదలికను గొంతవఱ కాతఁడు చదువ నేర్చియుండెను.

“ఈసారి చెవుల సంగతి రాయకండి. పనిచేసేవి చేతులే కదండీ?” అని యామె మెల్లమెల్లగాఁ బలికెను.

ఆతఁడు చాలసేపు కలము కదపఁడయ్యెను. తుదకు వ్రాయకయే సంతకము చేసెను.

కొన్నాళ్లకు బదులు వచ్చెను. చెన్నపట్టణపు శాల యజమానుఁడగు మునిరత్నము నాయుఁడుగారు దాక్షారామ భీమేశ్వర దర్శనార్థమై యీ ప్రాంతమునకు వచ్చుచున్నారనియు స్వయముగఁ జూచియే మాట యిత్తురనియు నందుండెను. దంపతుల యానంద మొక్క గడియలో భయముగా మాఱెను.

చెప్పిన దినముననే స్థూలకాయుఁడును స్వర్ణోపనేత్రధారియునగు నాయుఁడుగా రేతెంచి యరుగుపై నాసీనులై సంభాషణ మారంభించిరి. వారి గుబురు మీసములు పెదవులఁ బూర్తిగాఁ గప్పియుండుటచే భావనారాయణ కొక్క మాటయైనను జదువ నలవి గాలేదు. ద్వారము చాటున నిలిచిన చూడామణి తల యూఁచినప్పుడు దానును దల యూఁచుచు నాతఁడు నెట్టుకొని వచ్చెను. నాయుఁడుగారు ప్రసన్నులై “మాట ఖాయం. దసరా వెళ్లగానే బయలుదేరి రండి” అని లేవఁబోయిరి. భార్య మొగమున వికసించిన చిఱునవ్వుచేతనే యాతఁడు విషయమును గ్రహించెను. కోరిన కొలువు చేతి కందిన యా క్షణముననే యాతని హృదయము కుంగెను. ఈ కపటముతోడనే దినదినమును బనిలోనికిఁ బోవలెనా యని తలంచి చేతులు జోడించి యడ్డముగ నిలిచెను.

“అయ్యా, ఆగండి. తమరన్న మాటల్లో ఒక్కటీ నాకు వినబడలేదు. జ్వరమొచ్చి చెవులు పోయాయి. దరఖాస్తులో ఆ మాట దాచాను.”

చూడామణి ద్వారబంధమును బట్టుకొని కన్నులు మూసికొనెను. నాయుఁడుగారు మరలఁ గూర్చుండి యాతని ముఖమును నిదానముగాఁ బరికించి యకస్మాత్తుగాఁ బొట్ట కదలునట్లు నవ్విరి.

“అమ్మా, లోపలున్నావు కదా, నువ్వే చెప్పు ఈయనకి. మా శాలలో యంత్రాలన్నీ ఒక్కసారే తిరుగుతాయి. అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినబడదు, అందరం చేసైగలతోనే నెట్టుకొస్తున్నాం. ఈయన కూర్చిన పుస్తకాలు చూసే ఇంతదూరం వచ్చాను. వినడానికి కాదు, అక్షరాలు కూర్చడానికి రమ్మను.”

ఆమె వెలుపలికి వచ్చి భర్త కెదురుగ నిలిచి చెప్పఁబోయెను గాని వణఁకుచున్న యా పెదవులను జదువలేక యాతఁడు “మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు” అని బ్రతిమాలెను. ఆమె యేడ్చుచు నవ్వుచు మరలఁ జెప్పెను. అంతట నాతఁడు మెట్టుపైఁ గూలఁబడి యుత్తరీయమున మొగము దాఁచికొనెను.

విజయదశమి కడచిన మఱునాఁటి యుదయమున వారు ధూమశకట మెక్కిరి. అది గోదావరి వంతెనపైఁ బ్రవేశించినతోడనే యుక్కుకంబములు మేఘగర్జనమువలె మ్రోయఁ దల్లుల యొడిలోని పసిబిడ్డ లులికిపడి యేడ్చిరి, కునుకుచున్న వృద్ధులు దిగ్గున లేచి భగవన్నామము జపించిరి. జ్వరము విడిచిన నాఁటినుండి కంటినిండ నిద్ర యెఱుఁగని భావనారాయణ మాత్రము భార్యభుజముపైఁ దల వాల్చి యా మహాధ్వని నడుమ ప్రశాంతముగ నిద్రించుచుండెను.