సాల్మన్‌కి పట్టని బేడీలు

సూరిబాబు మేష్టారు రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీదుగా బడికి వెళ్తాడు. దారిలో తోడల్లుడు సాల్మన్ టైలరు కొట్టు. ఆ కొట్టు ముందు సైకిలు దిగని మనిషి ఉండడు. "సాల్మనూ, టీ తాగేవా?" అని ఒకరు, "పిల్లలు కులాసానా?" అని ఒకరు. మేష్టారికి నమస్కారాలకి లోటు లేదు గానీ, ఆయన దగ్గర ఎవరూ ఆగరు.

ఆ మంట ఈనాటిది కాదు. పెద్దల్లుడు తను, బీఈడీ చదివినవాడు తను. అయినా అత్తగారు సువార్తమ్మ కొత్త మాగాయి జాడీ విప్పితే మొదటి గిన్నె చిన్నల్లుడింటికే వెళ్ళేది. "వాడైతే నోరు తెరిచి అడుగుతాడు నాయనా, మీరు అడగరు కదా," అనేది. ఆ 'మీరు' కూడా సూరిబాబుకి గుచ్చుకునేది.

ఆ వేసవిలో రొయ్యల చెరువుల ఉప్పు వాళ్ళ ఊరు గుల్లలమొండి బోర్లలోకి దిగింది. టీ కాస్తే పాలు విరిగిపోయేవి. అర్జీలు రాసింది సూరిబాబు, జనాన్ని పోగేసింది సాల్మన్. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఖాళీ బిందెలు తెచ్చుకుని మండలాఫీసు ముందు చెట్టు నీడన కిక్కురుమనకుండా కూర్చున్నారు. నలుగురు గుమిగూడకూడదని అప్పటికప్పుడు ఆర్డరొచ్చింది. ఎస్సై గారు తోడల్లుళ్ళిద్దర్నీ స్టేషనుకి తీసుకుపోయేరు.

మర్నాడు అమలాపురం కోర్టుకి తీసుకెళ్ళాలి. రవికుమార్ అనే కానిస్టేబులు సూరిబాబుకి బేడీలు వేసేడు. టక్కుమని పడ్డాయి. సాల్మన్‌కి వేసేడు. అవీ టక్కుమన్నాయి, ఆ వెంటనే చిక్కిపోయిన ముసలమ్మ చేతి గాజుల్లా జారి కింద పడ్డాయి. బిగించి వేసేడు. జారేయి. వేరే జత తెచ్చేడు. అవీ జారేయి.

"ఈయనకి పట్టవండీ," అన్నాడు రవికుమార్.

ఎస్సై గారు తలెత్తకుండానే, "పట్టకపోతే ఏం చేస్తాం? అలాగే తీసుకెళ్ళు," అన్నారు.

ఆ సంగతి గురించి ఇంకెవరూ మాట్లాడలేదు. 'కూర్చున్నది ఇద్దరం కదా, నాకే ఎందుకు పట్టేయి?' అని సూరిబాబు ఒక్కడే లోపల్లోపల కుతకుతలాడిపోయేడు.

జీపు రిపేరులో ఉంది. బస్సెక్కడానికి నడిపించేరు. దారి బడి ముందు నుంచే. ప్రార్థనకి వరసలో నిలబడ్డ పిల్లలు ఇటు తిరిగేరు. సుస్మిత అనే పిల్ల అలవాటు కొద్దీ "గుడ్ మార్నింగ్ సార్" అంది. సూరిబాబు ఒక చెయ్యి ఎత్తబోతే రెండోదీ లేచింది. గొలుసు గలగలమంది. పక్కన సాల్మన్, చుట్టాన్ని బస్సెక్కించడానికి వచ్చినవాడిలా నడుస్తున్నాడు.

సువార్తమ్మ పనసాకుల్లో ఉడికించిన పొట్టిక్కల కేరేజీ పట్టుకుని వాళ్ళెక్కిన బస్సే ఎక్కింది. కేరేజీ సాల్మన్ చేతికిచ్చి, "మీ అన్నయ్యకి తినిపించు నాయనా, ఆయన చేతులు..." అని ఆగిపోయింది.

సాల్మన్ తుంచి నోటి దగ్గర పెట్టేడు. సూరిబాబు మొహం తిప్పుకున్నాడు. ఆకలిగానే ఉంది గానీ ఆ చేతి ముద్ద మాత్రం దిగదు. 'ప్రభువా, ఒక్కసారి వాడికీ పట్టనీ' అనుకున్నాడు. అనుకుని ఊరుకోలేదు.

"రవికుమార్ గారూ, ఆయనకి ఇంకోసారి వేసి చూడండి."

సువార్తమ్మ పెద్దల్లుడి వైపు ఓసారి చూసి తల దించుకుంది. సాల్మన్ చేతులు తుడుచుకుని, "ఆయ్, చూడండి," అని చాపేడు. రవికుమార్ సంచీలోంచి రెండో జత తీసి వేసేడు. పడ్డాయి, జారేయి, సీటు కిందకి దొర్లేయి. వంగి తీసిచ్చింది కూడా సాల్మనే.

ఆ తరవాత దారంతా సూరిబాబు బేడీల్లోంచి తన చేతులు లాక్కుంటూనే ఉన్నాడు. తోలు లేచింది గానీ చెయ్యి ఊడి రాలేదు.

కోర్టులో మేజిస్ట్రేటు గారు చిన్నవయసావిడ. కాగితాలు చదివి, తలెత్తి, సూరిబాబు చేతులు చూసేరు.

"ఈయనకి బేడీలు వెయ్యమని ఏ కోర్టు చెప్పింది?"

"పారిపోతారేమోనని వేసేమండీ," అన్నాడు రవికుమార్.

"మరి ఈ రెండో ఆయనకి వెయ్యలేదే?"

"ఆయనకి పట్టవండీ."

ఊరూ పేరూ చెప్తే రాసుకున్నట్టే ఆవిడ ఆ మాటా రాసుకున్నారు. సాల్మన్ వైపు తిరిగేరు. "మీ చేతులు ఖాళీయే కదా. ఎందుకు పారిపోలేదు?"

సాల్మన్ తెల్లబోయేడు. "అన్నయ్యని వదిలేసి ఎక్కడికి పోతానండీ?"

"విన్నారా? ఇద్దరి మీదా ఒకటే కేసు. బేడీల్లేనాయన తనంతట తనే కోర్టు దాకా వచ్చేడు. అలాంటప్పుడు ఈయనకి ఎందుకు కావాల్సొచ్చేయి? ముందు తియ్యండి."

రవికుమార్ తీసేడు. మేజిస్ట్రేటు గారు చొక్కా చేతులు పైకి లాగమన్నారు. మణికట్లు ఎర్రగా చిట్లి ఉన్నాయి.

"ఇవెలా అయ్యేయి మేష్టారూ?"

"నేనే లాక్కున్నానండీ." సూరిబాబు మణికట్ల వైపే చూస్తూ అన్నాడు. "ఆయనవి ఊడుతుంటే చూడలేక."

సాల్మన్ చివ్వున తలెత్తేడు.

"ఇనుము తగిలించకపోతే లాక్కునే పనే లేదు కదా," అన్నారు మేజిస్ట్రేటు గారు. "ఖాళీ బిందెలతో కూర్చోడం నేరమో కాదో తరవాత తేలుద్దాం. మనిషిని గొలుసేసి వీధిలో నడిపించడం మాత్రం రాజ్యాంగం ఒప్పుకోదు. పోలీసులు ఆగాల్సిన చోటొకటి ఉంది. మీరు జరిగింది జరిగినట్టు చెప్పండి, రాయిస్తాను."

"నా పేరు కూడా రాయించండి," అన్నాడు సాల్మన్.

"మీ చేతి మీద ఏముందని రాయించను?"

ఇద్దర్నీ ఇంటికి పంపేసేరు. తరవాత్తరవాత ఆ కేసు కొట్టేసేరు. సూరిబాబు చెప్పిన మాటల మీద విచారణ జరిగి, కోర్టు మాట లేకుండా ఆ స్టేషన్లో మరెవరి చేతికీ ఇనుము పడలేదు. బోర్లు ఇంకా ఉప్పగానే ఉన్నాయి. అది వేరే పోరు.

ఆ సాయంత్రం తిరుగు బస్సులో జనం సూరిబాబుకి లేచి చోటిచ్చేరు. "ఏవండీ మేష్టారూ, ఏదీ చెయ్యి చూపించండి," అని ఒకళ్ళ మీద ఒకళ్ళు వంగేరు. సాల్మన్ కమ్మీ పట్టుకుని నిలబడి, తన మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

"అందరూ మీ చేతులే చూస్తన్నారు అన్నయ్యా," అన్నాడు. "నావి చూడండి, ఏమీ లేదు."

నవ్వబోయేడు గానీ నవ్వు రాలేదు. ఆ గొంతులో సన్నటి మంట ఏమిటో సూరిబాబుకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఏళ్ళ తరబడి తనతో కలిసి తిని, తన పక్కనే పడుకున్నదే అది.

చొక్కా చేతులు మణికట్ల కిందకి దింపుకుని బొత్తాలు పెట్టుకున్నాడు. కిటికీ వైపు జరిగి, "కూర్చోరా," అన్నాడు.