ఆపరేషన్లేమైనా అయ్యాయా

నాజూకు అనే మాట ఎవడు పుట్టించాడో గానీ వాడి నోట్లో మన్ను పడ, ఈ ఎముకల డాక్టరు గది బయట కూర్చున్న ఆవిడెవరో కూడా మా మరదల్ని చూసి ఎంత నాజూగ్గా ఉన్నారండీ, ఏం తింటారేంటి అంటోంది, ఏం లేదండీ, పొద్దున్నే కాస్త నడుస్తాను అని ఇది నవ్వుతోంది, అచ్చం వాళ్ళక్క నవ్వే, వాళ్ళక్క అబద్ధమే, ఒళ్ళు తగ్గాలని ఇద్దరూ పొట్ట కోయించుకుని పేగు మళ్ళించుకున్న సంగతి బయట పొక్కకూడదని అక్కాచెల్లెళ్ళు ఒట్లు వేసుకున్నారు, నా భార్య ఆ ఒట్టు కాటిదాకా నిలబెట్టుకుంది.

లోపలికి రమ్మన్నారు, తోడు నేనే, మొన్న ఇది బాత్రూములో జారి మణికట్టు విరగ్గొట్టుకుంది, ఎముకలు గుల్లబారాయట, ఆర్నెల్లకో ఇంజెక్షన్ చాలట, సిస్టరు దూది తడుపుతూనే కిటికీ రెక్క కాస్త మూసింది, దీని కళ్ళలో ఎండ పడుతోందని, ఎవరూ అడక్కుండానే, మంచిపిల్ల, వాళ్ళక్కకి ఇదే ఇంజెక్షన్ వేసిన సిస్టరూ మంచిదేనట, చీమ కుట్టినట్టుంటుందమ్మా అందట, ఆవేళ నా భార్య నన్ను బయటే కూర్చోబెట్టి ఒక్కతే లోపలికెళ్ళింది, వారం తిరక్కుండా పెదాల చుట్టూ చీమలు పాకుతున్నాయండీ, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి చూడండి, గ్లాసు నిలవట్లేదు అంది, కాళ్ళు పడతానంటే వద్దు, మీ నడుము జాగ్రత్త అంది, తర్వాత మూర్ఛ, తర్వాత గుండె లయ తప్పడం, రక్తంలో కాల్షియం అడుగంటిందన్నారు, మళ్ళించిన పేగు తిండిలోంచి సరిగా తీసుకోదు, ఎముకలోంచి రాకుండా ఆ మందు తలుపు మూసేస్తుంది, రక్తం ఎవర్ని అడుక్కోవాలి, ఆపరేషన్ సంగతి చెప్పుంటే ముందు పరీక్ష చేసి, లోటు పూడ్చాకే వేసేవాళ్ళం కదండీ, ఎందుకు దాచారు అన్నారు, ఏమని చెప్పను, నలుగురి మెప్పు ప్రాణం కంటే తీపనా.

ఇదివరకు ఆపరేషన్లేమైనా అయ్యాయా, డాక్టరు తలెత్తకుండానే అడుగుతున్నాడు, అబ్బే, ఏమీ లేవండీ, అంటూనే బల్ల కింద నా కాలు తొక్కుతోంది, నోరెత్తకు బావా అని, అక్కది తలరాత, నాకేం కాదులే అని దారంతా ఇదే పాట, అయ్యిందండీ, పొట్ట తగ్గించే ఆపరేషన్, కాల్షియం చూడకుండా సూది వెయ్యొద్దు, వీళ్ళక్క అలాగే పోయింది, గొంతు నాదే, అంత గట్టిగా ఎప్పుడు వచ్చిందో, డాక్టరు పెన్ను ఆగింది, సిస్టరు సిరంజి పక్కన పెట్టేసింది, ముందు రక్తపరీక్ష, ఇంజెక్షన్ సంగతి తర్వాత చూద్దాం అన్నాడు.

రక్తమిచ్చి మెట్లు దిగుతూ ఒకటే దులుపుడు, తలుపవతల ఆవిడంతా విన్నది, ఇక టముకు వేస్తుంది, పెద్దమనిషివనుకున్నాను బావా, నా పరువు బజారుకీడ్చావు, జన్మలో నీ మొహం చూడను ఫో, కట్టుకట్టిన చెయ్యి ఊపుకుంటూ నన్ను దాటి దబదబా వెళ్ళిపోతోంది, తిట్టు తల్లీ, మీ అక్క ఆఖరిదాకా మెత్తగానే మాట్లాడింది, ఆ మెత్తదనం ఏం చేసుకోను, జన్మలో నా మొహం చూడదట, సరే, చూడకుండా ఉండటానికైనా బతికుండాలి.