దండ పడిన ఎద్దు

తెల్లారగానే లల్లా చేసే మొదటి పని గొడ్ల పాకలో తేనెటీగల్ని తోలడం. పొయ్యి రాజేయడం, గంజి కాచడం, లోతు బావి నుంచి నీళ్ళు చేదుకు రావడం అన్నీ ఆ తర్వాతే. తడిగుడ్డ విసురుతూ తెల్ల ఎద్దు మెడ చుట్టూ ముసిరిన తేనెటీగల్ని తోలితే గానీ అది మేతకి తల వంచదు. మోకాలి లోతు మంచు పడ్డ రోజుల్లో కూడా అవి ఎక్కణ్ణుంచో వచ్చేవి. లుస్త్ర ఊరు మొత్తానికి చలికాలంలో పూలంటూ ఉన్నది ఆ ఎద్దు మెడలోనే మరి.

ఆ దండ మూడేళ్ళ నాటిది. ఎర్ర గసగసాల పూలు, అడవి గులాబీలు, మధ్య మధ్య ఉన్ని పోగులు. ఇన్నాళ్ళలో ఒక్క రేక వాడలేదు. కత్తి పెడితే తెగుతుంది గానీ, కోసిన మనిషి కత్తి తుడుచుకునేలోగా మళ్ళీ మెడ చుట్టూ ఎప్పట్లా ఉంటుంది. ద్యుపతి గుడి పూజారి రెండుసార్లు కోసి చూశాడు. లల్లా ఎన్నిసార్లు కోసిందో ఆమెకే గుర్తు లేదు. ఊళ్ళో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. ఫలానా వాళ్ళ మేక కుంటుతోంది అన్నట్టే, ఫలానా వాళ్ళ ఎద్దుకి దండ ఊడటం లేదు అనుకున్నారు, అంతే.

వింతగా చెప్పుకున్నది వేరే సంగతి. మూడేళ్ళ కిందట పౌలు అనే గుడారాలు కుట్టేవాడు, బర్నబా అనే ఇంకొకడు ఈ ఊరు వచ్చారు. పుట్టుకతో కుంటివాణ్ణి ఒకణ్ణి పౌలు లేచి నిలబడమంటే వాడు లేచి గంతులేశాడు. ఇంకేముంది, దేవుళ్ళే మనుషుల్లా దిగివచ్చారని ఊరంతా తీర్మానించేసింది. బర్నబా దేవుళ్ళ రాజు ద్యుపతి అట, మాటలన్నీ తనే మాట్లాడుతున్నాడు గనక పౌలు ఆ దేవుళ్ళ కబురు మోసే హెర్మే అట. బలికి ఎద్దులు కావాలని పూజారి అనడం ఆలస్యం, "మాది తెల్లది, ఒక్క మచ్చ లేదు!" అని అందరికంటే ముందు అరిచినవాడు లల్లా మొగుడు తర్కొందస్. కాడికి ఉన్న జతలో ఒకదాన్ని తోలుకొచ్చి, దండ తన చేత్తోనే మెడలో వేసి, ఊరి వాకిలి దాకా ఊరేగించాడు. తీరా అక్కడ ఆ ఇద్దరూ బట్టలు చించుకుని, మేమూ మీలాంటి మనుషులమే, ఆపండి బాబూ అని గోల పెట్టారు. బలి ఆగిపోయింది. మిగతా ఎద్దుల దండలు సాయంత్రానికి ఊడాయి. తెల్లదానిది ఊడలేదు.

తర్కొందస్‌కి నలుగురిలో తల కొట్టేసినట్టయింది. కొన్నాళ్ళకి పై ఊళ్ళవాళ్ళెవరో వచ్చి ఈ పౌలు మాయగాడని చెప్పేసరికి, దండం పెట్టిన చేతులే రాళ్ళెత్తాయి. తర్కొందస్ కూడా ఒకటి వేశాడు. చచ్చాడనుకుని ఊరి బయటికి ఈడ్చి పారేస్తే, ఆ మనిషి లేచి, తిన్నగా మళ్ళీ ఊళ్ళోకే నడిచి వచ్చి, మర్నాడు తన దారిన పోయాడు. ఆ రోజు నుంచి తర్కొందస్ తెల్ల ఎద్దు ఉన్న వైపు వెళ్ళలేదు. దాని మేత, నీళ్ళు, పేడ అన్నీ లల్లా నెత్తినే పడ్డాయి.

దండ పడిన గొడ్డు దేవుడిది. దాని మీద కాడి పెడితే ద్యుపతి ఊరు మొత్తానికీ వాన ఆపేస్తాడు. పోనీ పూజారి తీసుకుంటాడా అంటే, అదీ లేదు.

"తీసుకెళ్ళి బలి ఇచ్చుకోండి పూజారిగారూ, మీకు పుణ్యముంటుంది," అని మొదటి ఏడే లల్లా వెళ్ళి బతిమాలింది.

"దేవుళ్ళు కాదన్నదాన్ని మళ్ళీ ఎలా పెట్టనమ్మా? ఉమ్మేసిన ముద్ద ఎత్తి కంచంలో వేస్తామా?"

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"మేపు."

ఉన్నికి రంగులద్దే పక్కింటి నేనిస్ ఇంకో రకం. మోచేతుల దాకా నీలం రంగుతో తిరిగే ఆ మనిషి, పౌలు మాట విని మారిన వాళ్ళలో మొదటిది. వాళ్ళు కలిసి రొట్టె తినేదీ, ప్రార్థన చేసేదీ ఆమె రంగుల పాకలోనే.

"దండా లేదు, ద్యుపతీ లేడు. ఉన్నది ఒక్కడే దేవుడు. కాడి కట్టెయ్యవే, ఏం కాదు," అంది నేనిస్.

"అయితే వదినా, రేపు పొద్దున్నే తోలిస్తాను. ముందు నీ చేను దున్నించుకో."

నేనిస్ నాలిక కరుచుకుంది. "విగ్రహానికి ఇచ్చినదాన్ని మా చేలోకి ఎలా రానిస్తామే? మావాళ్ళు ఊరుకోరు."

"లేని దేవుడికి ఇచ్చినదంటే భయమెందుకు?"

"నీతో మాట్లాడలేం తల్లీ!"

ఎద్దుని అరువిచ్చేవాళ్ళూ లేరు. దేవుళ్ళు కాదన్న ఇంటికి ఎలా పంపుతాం అన్నారు పాత వాళ్ళు. రాయి వేసినవాడి ఇంటికి ఎలా పంపుతాం అన్నారు కొత్త వాళ్ళు. అన్ని విషయాల్లోనూ ఒకరినొకరు తిట్టుకునే ఆ రెండు వర్గాలూ ఈ ఒక్క దాంట్లో మాత్రం ముచ్చటగా కలిశాయి. దాంతో రెండేళ్ళు తర్కొందస్ నల్ల ఎద్దు పక్కన తనే కాడి కింద భుజం పెట్టాడు, లల్లా వెనక నాగలి మేడి పట్టింది. రెండో ఏడు దుక్కి సగంలో ఉండగా అతని రొమ్ములో ఏదో తెగింది. అప్పట్నుంచీ దగ్గితే రక్తం పడుతోంది.

ఇప్పుడు మూడో ఏడు. తొలి వాన పడింది. నేల గడ్డకట్టేలోగా బార్లీ గింజలు మట్టిలో పడాలి. పడకపోతే ఎండాకాలానికి ఇంట్లో తినడానికేం ఉండదు.

"ఈ ఏడూ నేనే కడతా," అన్నాడు తర్కొందస్, గోడకి ఆనుకుని.

"కట్టి చస్తావా? నేను కడతాను."

"నువ్వు కాడి కింద దూరితే మేడి ఎవరు పట్టాలే? దాన్ని నొక్కే బలం నాకెక్కడిది? లాగడమంటే ముందుకి పడిపోవడమే గదా, అది నాకు వచ్చు."

అతను నవ్వాడు గానీ ఆమెకి ఏడుపొచ్చింది. పది చాళ్ళు కూడా లాగలేడని ఇద్దరికీ తెలుసు.

అలాంటి సమయంలో పౌలు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఈ చుట్టుపక్కల సంఘాలన్నిటికీ కలిపి రాశాడట. "ఇవాళ చదువుతారు, నువ్వూ రా. నీ ఎద్దు ముడి ఆయనే విప్పుతాడేమో," అంది నేనిస్. లల్లా మనసులో చిన్న ఆశ పుట్టింది. ఆ దండ ఎవరి కోసం వేశారో ఆ మనిషే, దీన్ని తీసెయ్యొచ్చు, కాడి కట్టొచ్చు అని ఒక్క ముక్క రాస్తే, కనీసం కొత్త వాళ్ళయినా ఆమె వెనక నిలబడతారు. మొగుణ్ణి కూడా నడిపించుకుంటూ తీసుకెళ్ళింది.

పాకలో ఇరవై మంది దాకా ఉన్నారు. రాయి వేసినవాణ్ణి చూసి జరిగి చోటిచ్చారు. అది గౌరవమేమీ కాదు. ఉత్తరం తెచ్చినవాడు గ్రీకులో చదువుతుంటే నేనిస్ ఊరివాళ్ళ మాటలో చెప్పుకుంటూ పోయింది. పౌలు మంచి కోపం మీద రాసినట్టున్నాడు. యూదులు కాని బయటివాళ్ళు సంఘంలో చేరాలంటే మగవాళ్ళు సున్నతి చేయించుకోవాలా అక్కర్లేదా అన్నదే గొడవంతా. అక్కర్లేదనే రాశాడు, మగవాళ్ళు గట్టిగా ఊపిరి వదిలారు. తానూ ఒకప్పుడు ఈ నమ్మకం ఉన్నవాళ్ళని వెంటాడి హింసించానని రాశాడు. చివర్న, తన ఒంటి మీద దెబ్బల మచ్చలున్నాయి, ఇక తననెవరూ విసిగించొద్దని రాశాడు.

ఉత్తరాన్ని చుట్ట చుట్టేస్తుంటే లల్లా లేచింది. "ఎద్దు మాట ఏమైనా రాశాడా అయ్యా?"

చదివినవాడు అయోమయంగా చూశాడు. "ఏ ఎద్దు?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడర్థమైంది లల్లాకి. ఆ మనిషికి తెలియదు. ఊళ్ళు తిరిగాడు, దేవుణ్ణి మార్చాడు, ఎక్కడో కూర్చుని ఇంత ఉత్తరం రాశాడు, వెనక ఒక ఎద్దు మిగిలిపోయిందని మాత్రం ఆయనకి తెలియనే తెలియదు. చెప్పినవాళ్ళూ లేరు. ఆమెకి పౌలు మీద పట్టరాని కోపం వచ్చింది, ఆ వెంటనే అదీ చల్లారిపోయింది. ఇక అడగాల్సినవాళ్ళెవరూ మిగల్లేదు.

దారిలో తర్కొందస్ నాలుగుసార్లు ఆగాడు.

"మచ్చలున్నాయట," అన్నాడు.

"విన్నాను."

"నేను వేసిన రాయి చెవి దగ్గర తగిలింది. నేను చూశాను." కాసేపు దగ్గి, మూతి తుడుచుకున్నాడు. "ఆయనా ఒకప్పుడు మనుషుల్ని వేటాడినవాడేనట, లల్లా."

"అయితే ఇప్పుడేమంటావ్?"

"ఏమనను. ఇంటికి పద."

మర్నాడు అతను లేవకముందే ఆమె నల్ల ఎద్దుని తోలుకుని చేనికి పోయింది. దుక్కిలో మట్టి కప్పేలా గింజలు చేనంతా ముందే చల్లి, నాగలి సరిచేసి, కాడి రెండో కొస తన భుజం మీద ఎత్తి చూసుకుంది. మేడి పట్టేవాళ్ళు లేకుండా ఇదేం దుక్కి అని తెలుస్తూనే ఉంది. అటుపక్క చేలో దున్నుతున్న పూజారి నాగలి ఆపి చూశాడు.

అప్పుడు కనబడ్డాడు తర్కొందస్. తెల్ల ఎద్దు కొమ్ము పట్టుకుని, నాలుగడుగులకోసారి నిలబడుతూ గట్టు మీదుగా వస్తున్నాడు. మూడేళ్ళలో దాన్ని తాకడం అదే మొదలు. నీలం చేతుల నేనిస్‌తో సహా చుట్టుపక్కల చేలల్లో వాళ్ళంతా పని ఆపేశారు.

"ఏం చేస్తున్నావయ్యా?" అని లల్లా అరిచింది.

అతను ఎద్దుని నాగలి పక్కన నిలబెట్టాడు. దండ పట్టుకుని కొమ్ముల మీదుగా ఎత్తాడు. మెడకి కట్టిన తలుగు తాడు తీసినంత తేలిగ్గా వచ్చేసింది. ఇన్నాళ్ళూ ఊళ్ళో అందరూ చెయ్యి వేసి చూశారు గానీ, ఆ దండ వేసిన చెయ్యి మాత్రం దాని మీద పడలేదని అప్పటికి తట్టింది అందరికీ. అతను దండ పట్టుకుని అటూ ఇటూ చూశాడు. దేవుడి దండ నేల మీద పెట్టే అలవాటు ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. పెట్టడానికి ఇంకెక్కడా కనబడక, తన మెడలో వేసుకున్నాడు.

పూజారి వచ్చి ఎద్దు మెడ తడిమి చూశాడు. వెంట్రుకలు అరిగి గుండ్రంగా చార పడి ఉంది.

"దీనికి దండ లేదు. కట్టుకోవచ్చమ్మా."

"మరి ఈయన?"

"దండ ఉన్నవాడి మీద కాడి పెట్టకూడదు. అందులోనూ మనిషి, చెయ్యి కూడా వెయ్యకూడదు. దేవుడి సొత్తు."

"ఎన్నాళ్ళు?"

పూజారి తన చేనికి వెళ్ళిపోయాడు. నేనిస్ రెండడుగులు ముందుకేసి ఆగిపోయింది. తర్కొందస్ గట్టు మీద కూర్చున్నాడు.

"నిలబడి చూస్తావేమే? ఎండ పైకొస్తోంది. లోతుగా దున్ను."

జత కట్టింది. కర్రు దిగబడగానే మట్టి నల్లగా రెండుపక్కలకీ విచ్చుకుంది. మూడేళ్ళ తర్వాత చేతుల కింద అలా నాగలి పరుగెత్తుతుంటే ఆమెకి సంతోషం వేసింది, సిగ్గుపడేంత సంతోషం. ప్రతి చాలు కొసకీ మలుపు తిప్పుతూ గట్టు వైపు చూసేది. అతను చెయ్యి ఊపేవాడు. మధ్యాహ్నం దాటాక ఊపడం మానేసి తల మాత్రం ఆడించాడు. పొద్దు వాలుతుండగా, ఇంకా ఆరు చాళ్ళు మిగిలి ఉన్నప్పుడు, అతను పక్కకి ఒరిగిపోవడం చూసింది.

ఎద్దులు ఆగాయి. వాటికేం తెలిసిందో మరి. లల్లా కూడా ఆగింది. పరుగెత్తాలనిపించింది. కానీ పడమటి కొండల మీద మబ్బు తెల్లగా, మంచు మబ్బుగా దిగుతోంది. రాత్రికి నేల బిగుసుకుంటుంది. ఇప్పుడు వదిలేస్తే ఆ ఆరు చాళ్ళూ ఇక ఈ ఏటికి దక్కవు. అతను దేనికోసం ఆ దండ ఎత్తాడో అందులో ఆరు చాళ్ళు తక్కువైపోతాయి.

ములుకర్రతో తెల్లదాన్ని పొడిచింది. కళ్ళ నీళ్ళకి ముందు ఎద్దుల వీపులు కూడా కనబడలేదు. అయినా చాలు వంకర పోనివ్వలేదు. ఆరూ దున్నింది. నాగలి ఎత్తి పక్కన పెట్టి, గట్టు దగ్గరికి నడిచి వెళ్ళి, పూజారి చూస్తుండగానే, నేనిస్ వాళ్ళు చూస్తుండగానే, చల్లబడిన అతని తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

"అయిపోయిందయ్యా," అంది. "మొత్తం దున్నేశాను."