పదకొండో తలుపు వెనక పిల్లదయ్యం

ఈ వృత్తాంతంలో నేను స్వయంగా చూసింది కొంచెం, విన్నది ఎక్కువ. కనుక ఏది ఎవరి నోట విన్నానో ముందే మనవి చేయడం మర్యాద. అమెరికాలో వర్మాంట్ రాష్ట్రపు కొండల్లో ఉన్న మా క్రాండల్ మిల్స్ ఊళ్లో నేను ముప్పై ఆరేళ్లు పళ్ల డాక్టరుగా పనిచేశాను. మొదటి సగం లోర్నా పెల్కీ గారు నా కుర్చీలో కూర్చుని మూడు విడతలుగా చెప్పారు. ఆవిడ నోరు తెరిచేది కథ కోసమే. అది ఒక మలుపుకు వచ్చి ఆగేదాకా నేను పనిముట్లు చేత్తో పట్టుకుని నిలబడేవాణ్ణి. రెండో సగం డెల్ఫీన్ రోవెల్ చెప్పింది. ఇద్దరి మాటల్లోనూ తేడా ఒక్కచోటే వచ్చింది, తప్పు ఎవరిదన్న దగ్గర. ఆవిడ తనదన్నారు, ఈమె తనదంది. తేల్చుకుందామని గ్రంథాలయాధికారి ఏమోస్ థేయర్ గారిని అడిగితే ఆయన కళ్లజోడు తుడుచుకుని, "ఇద్దరిదీ కాదండీ, నాది" అన్నారు. తప్పు కోసం ముగ్గురు పోటీపడిన సందర్భం నా ఎరుకలో అదొక్కటే.

మంగళవారం ఉదయం పదిన్నర మా గ్రంథాలయంలో పిల్లలకు కథ చదివే వేళ. ఇంకా బళ్లో చేరని పిల్లలు, వాళ్ల తల్లులు, ఒకరిద్దరు తాతలు గుమ్మం దగ్గర బూట్లు విప్పి ఆకుపచ్చ తివాచీ మీద చేరతారు. లోర్నా గారు పాతికేళ్లు బడి బస్సు నడిపి, ఉద్యోగ విరమణ చేశాక ఆ పని తనంతట తాను నెత్తికెత్తుకున్నారు. అప్పటికి పంతొమ్మిదేళ్లుగా చదువుతున్నారు. బస్సు నడిపిన అలవాటు పోలేదు. అందరూ కుదురుగా కూర్చున్నారని నమ్మకం కుదిరితే తప్ప మొదటి పేజీ తిప్పేవారు కారు.

సెప్టెంబరు చివర నేలమాళిగలోంచి రెండు అట్టపెట్టెలు పైకి వచ్చేవి. నిండా శరత్కాలపు బొమ్మల పుస్తకాలు. పళ్లికిలించే గుమ్మడికాయలు, గుడ్లగూబలు, చీపురుకట్ట మీద ఎగిరే ముసలమ్మలు. కాస్త భయం, దాని వెనకే నవ్వు. నవంబరు ఒకటో తేదీన మళ్లీ కిందికి పోయేవి. భయాన్ని మెట్లు మెట్లుగా ఎక్కించాలన్నది లోర్నా గారి పద్ధతి. మొదటి మంగళవారం గుమ్మడికాయలు, రెండోవారం గుడ్లగూబలు, మూడోవారం గానీ 'పదకొండు తలుపుల ఇల్లు' బయటికి తీసేవారు కారు.

అందులో ఒక ముసలావిడ పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. సాయంత్రం అయ్యేసరికి ఒక్కో తలుపు వెనక ఒక్కో చప్పుడు. తెరిచి చూస్తే పిల్లి, గాలి, పండి రాలిన ఆపిల్ పండు. పదకొండో తలుపు తెరిచేసరికి ఒక పిల్లదయ్యం నిలబడి, "నేనూ కూర్చోవచ్చా?" అని అడుగుతుంది. అక్కడ లోర్నా గారు ఆగేవారు. పిల్లలంతా ఒక్క గొంతుతో "కూర్చో!" అనేవారు. అనగానే పిల్లదయ్యం పేజీలోంచి దిగి, తివాచీ మీద ఖాళీ చూసుకుని కూర్చునేది. మోకాలెత్తు మనిషి, కడిగిన పలక రంగు. పక్కన కూర్చున్నవాళ్ల కాళ్లు చల్లబడేవి కనుక ఆ మంగళవారాల్లో తల్లులు ఉన్ని మేజోళ్లు తొడిగి పంపేవారు. తివాచీ తడిసిపోతోందని ఒకావిడ ఫిర్యాదు చేస్తే థేయర్ గారు తువ్వాలు ఏర్పాటు చేశారు. చివర్లో లోర్నా గారు "ఇంటికి వేళయింది" అనగానే అది లేచి, అందరికీ తల వంచి, పుస్తకంలోకి వెళ్లేది. ఆవిడ అట్ట మూసేవారు.

ఆ ఏడు జూన్‌లో డెల్ఫీన్ వచ్చింది. పాతికేళ్ల పిల్ల, ఒహాయో నుంచి, మొదటి ఉద్యోగం. తోటలో కలుపు తీసినట్టు గ్రంథాలయంలోనూ ఏటేటా పుస్తకాలు ఏరి తీసెయ్యాలి. కొత్తవాటికి చోటు కావాలి. థేయర్ గారు ఆ పని ఆమెకు అప్పగించారు. నియమం తేలికే: పుస్తకం వెనక అతికించిన చీటీ మీద అయిదేళ్లుగా ముద్ర పడలేదంటే, దాన్ని ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదని అర్థం. డెల్ఫీన్ శ్రద్ధ గల మనిషి. నేలమాళిగలోని పెట్టెలను కూడా వదలలేదు. ఎర్ర అట్టతో, వెన్నుకు బట్ట అతికించిన ఒక పుస్తకం చీటీ మీద పంతొమ్మిదేళ్లలో ఒక్క ముద్ర కూడా లేదు. 'తొలగించబడినది' అని ముద్ర కొట్టి, అమ్మకాల పెట్టెలో వేసింది.

ఆకులు ఎర్రబడే రోజుల్లో, అక్టోబరు రెండో శనివారం, గ్రంథాలయం ముందు గడ్డి మీద డేరా వేసి పాత పుస్తకాలు అమ్ముతాం. మూడో మంగళవారం ఉదయం లోర్నా గారు పెట్టె రెండుసార్లు వెతికారు.

"డెల్ఫీన్, పదకొండు తలుపుల పుస్తకం ఏదమ్మా?"

డెల్ఫీన్ చేతిలో పుస్తకాలు చేతిలోనే ఉండిపోయాయి. "ఎర్ర అట్టదా అండీ?"

"అదే."

"శనివారం అమ్మేశాను. గళ్ల టోపీ పెట్టుకున్న ఒకాయన... కారుకి కనెక్టికట్ నంబరు. చీటీ మీద ఒక్క ముద్ర కూడా లేదండీ, ఎవరూ ముట్టుకోలేదనుకుని..."

"ముద్ర ఎలా పడుతుందే తల్లీ? దాన్ని ఏనాడైనా గడప దాటనిచ్చామా!"

తివాచీ మీద ఇరవై ఇద్దరు పిల్లలు. అందరిలోకీ గొంతు పెద్దది ఇనెజ్. అయిదో ఏడు నడుస్తోంది, ముందు పన్ను ఊడింది. "పెల్కీ మామ్మా, బస్సు చెడిపోయిందా?" అని అరిచింది. తక్కినవాళ్లు నోటితో హారన్ కొట్టారు.

లోర్నా గారు వచ్చి కుర్చీలో కూర్చుని, రెండు అరచేతులూ పుస్తకంలా విప్పి పట్టుకున్నారు. కథ ఆవిడకు కంఠతా వచ్చు. ఖాళీ చేతుల్లో పేజీలు తిప్పుతూ పది తలుపులు తెరిచారు. పదకొండోది తెరిచి, "నేనూ కూర్చోవచ్చా?" అన్నారు.

"కూర్చో!"

ఎవరూ రాలేదు.

"వినపడలేదేమో" అన్నాడు రూబెన్ అనే పిల్లవాడు. మళ్లీ అరిచారు. పావుగంట గడిచింది. థేయర్ గారు డోనట్లు పంచారు. అప్పుడు వీధి తలుపు జానెడు తెరుచుకుంది. పిల్లదయ్యం లోపలికి వచ్చింది. అంచులకు బురద, వీపుకు మేపుల్ ఆకులు, ఒళ్లంతా పల్లేరుకాయలు. రొప్పుతూ వచ్చి ఇనెజ్ పక్కన కూలబడింది.

"కనెక్టికట్ నుంచా!" అన్నాడు వెనక కూర్చున్న ఒక తాత. "నూట యాభై మైళ్లు. మా అల్లుడు కారులోనే మూడు గంటలంటాడు, అదీ దారి తప్పకపోతే. తప్పని రోజు లేదనుకోండి."

పిల్లలు పల్లేరుకాయలు ఏరిపెట్టారు. అంతా బాగానే ఉంది. లోర్నా గారు "ఇంటికి వేళయింది" అన్నారు. పిల్లదయ్యం లేచి, తల వంచి, ఆవిడ అరచేతుల్లోకి ఎక్కింది. అటు చూసింది, ఇటు చూసింది. అక్కడ గీతలు తప్ప ఏమీ లేవు. దిగకుండా అలాగే నిలబడింది.

"పిలవడం తెలిసింది గానీ, పంపేది ఎక్కడికో చూసుకోలేదు" అన్నారు లోర్నా గారు.

ఆ రోజు నుంచి పిల్లదయ్యం తిరిగొచ్చిన పుస్తకాలు పెట్టే బండి కింద ఉండేది. నాలుగో రోజుకు దాని ఒంట్లోంచి వెనకున్న పుస్తకాల పేర్లు చదవగలిగేంత పలచబడింది. మా వైపు నెలాఖరుకు మంచు పడుతుంది. ఆలోగా పుస్తకంలోకి చేరకపోతే అది మిగలదన్న సంగతి ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. డెల్ఫీన్ భోజనం మానేసి కనెక్టికట్‌లోని గ్రంథాలయాలన్నిటికీ ఫోన్లు చేసింది. గళ్ల టోపీ ఆచూకీ దొరకలేదు.

శుక్రవారం ఒక కవరు తీసుకుని థేయర్ గారి గదిలోకి వెళ్లింది. "రాజీనామా అండీ. ఒహాయో వెళ్లిపోతాను. పుస్తకానికీ చెత్తకీ తేడా తెలియనిదాన్ని, నేనిక్కడ ఉండకూడదు."

ఆయన కవరు ముట్టుకోలేదు. "నవంబరు ఒకటిన ఇవ్వమ్మా. ఇప్పుడు చేతిలో పని ఉంది."

నాలుగో మంగళవారం నాటికి మెయిన్ రాష్ట్రంలోని ఒక గ్రంథాలయం నుంచి అదే పుస్తకం మరో ప్రతి అరువు వచ్చింది. చివరి పేజీ తెరిచారు. అందులో ఇంకో పిల్లదయ్యం కుర్చీలో కూర్చుని ఉంది. మనదాని కన్నా కాస్త బొద్దు. చూడగానే పక్కకు జరిగి సగం కుర్చీ చూపించింది. మనది చాలాసేపు చూసి, నమస్కారం లాంటిదేదో చేసి, వెనక్కి వచ్చేసింది.

"వాళ్లింట్లో దూరదు. మర్యాద తెలిసిన పిల్ల" అన్నారు లోర్నా గారు, కళ్లు ఒత్తుకుంటూ.

అప్పుడు డెల్ఫీన్ వెనక గదిలో కాగితాలు పరుచుకుని తనే ఒక ఇల్లు గీయడం మొదలుపెట్టింది. మూడు రోజులు గీసింది. పదకొండు తలుపులు, ప్రతి తలుపుకూ గడియ, పొయ్యిలో నిప్పు, పొయ్యి పక్కన మెత్త వేసిన కుర్చీ. ఆ బొమ్మలు నేను చూశాను, చాలా చక్కటివి. పిల్లదయ్యం చివరి పేజీ దగ్గరికి వచ్చి, ఒక కాలు లోపల పెట్టి, తీసేసింది. అప్పటికి అది కిటికీ అద్దం మీద ఊదిన ఊపిరిలా ఉంది.

పుస్తకాలు తిరిగివ్వడానికి తల్లితో వచ్చిన ఇనెజ్ బల్ల అంచు పట్టుకుని మునివేళ్ల మీద లేచి బొమ్మ చూసింది. "మిస్ డెల్ఫీన్, ఇందులో ఎవరూ లేరు."

"ఇది దాని ఇల్లు కదమ్మా. దానికే."

"మరి 'నేనూ కూర్చోవచ్చా' అని ఎవర్ని అడుగుతుంది?"

 డెల్ఫీన్ చివరి పేజీ చించేసి, దాని చోట తెల్లకాగితం పెట్టింది.

ఇరవై తొమ్మిదో తేదీ, ఆఖరి మంగళవారం. ఆకాశం బూడిదరంగులో కిందికి దిగి ఉంది. పిల్లలందరికీ రంగుపెన్సిళ్లు ఇచ్చి, ఆ తెల్లకాగితం మీద ఎవరి బొమ్మ వాళ్లను కూర్చున్నట్టు గీయమన్నారు.

"నువ్వు రెండు చోట్లు ఆక్రమించావు!" అంది ఇనెజ్.

"ఒకటి నాది, ఒకటి దానిది" అన్నాడు రూబెన్.

"పోయినవారం నీ పక్కనే కూర్చుంది. ఈసారి నా పక్కన!"

"నీ బొమ్మకి కాళ్లే లేవు, నీ పక్కన ఎవరు కూర్చుంటారు?"

"మఠం వేసుకున్నాను, అందుకని కనపడవు!"

డెల్ఫీన్ ఆ తగువు తీర్చలేదు, ఎవరి చోటూ చెరపలేదు. ఇరవై ఇద్దరి మధ్య ఎక్కడెక్కడ ఖాళీ మిగిలిందో అక్కడల్లా ఉంచేసి, పేజీలు తెల్లదారంతో కుట్టి, లోర్నా గారి ఒళ్లో పెట్టింది. ఆవిడ తిరిగి ఆమె ఒళ్లో పెట్టారు.

"నువ్వే చదువు."

"అయ్యో, నావల్ల కాదండీ. పదిమంది ముందు నాకు గొంతు పెగలదు. అందుకే కదా పుస్తకాల చాటున ఉండే ఉద్యోగం వెతుక్కున్నాను."

"నేను చదివితే అది పాతింటి కోసం వెతుక్కుంటుంది. ఇల్లు కట్టినవాళ్లే రమ్మనాలి. కూర్చో, బస్సు ఆలస్యమవుతోంది."

డెల్ఫీన్ కుర్చీలో కూర్చుంది. మొదటి పేజీ ముందు వరుసకే వినిపించింది. "గట్టిగా!" అన్నారు వెనకవాళ్లు. మూడో తలుపు దగ్గర గుడ్లగూబ కూత కూస్తే, "అలా కాదు, ఇలా" అని అయిదుగురు కూసి చూపించారు. ఆమె వాళ్లలాగే కూసింది. ఆరో తలుపుకు గొంతు కుదురుకుంది. తొమ్మిదో తలుపు దగ్గర తల్లులు కూడా ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. కిటికీ బయట మొదటి మంచు పలుకులు రాలుతున్నాయి. పిల్లదయ్యం బండి కింద నుంచి వచ్చి పుస్తకం ఎదురుగా నిలబడింది. నిలబడిన చోటు తెలిసినవాళ్లకే కనిపించేంత పలచన.

డెల్ఫీన్ పదకొండో తలుపు తెరిచింది. చదవాల్సిన మాట ఆమె చదవలేదు. ఆ మాట ఎదుటి నుంచి వినిపించింది, కాగితం కదిలినంత సన్నగా. "నేనూ కూర్చోవచ్చా?"

"కూర్చో!" అన్నారు తివాచీ మీద ఇరవై ఇద్దరు. పేజీలోని ఇరవై ఇద్దరూ అన్నారు, రంగుపెన్సిలు నోళ్లు తెరిచి. పిల్లదయ్యం గబగబా పేజీ ఎక్కి, కాళ్లు లేని ఇనెజ్‌కూ రెండు చోట్ల రూబెన్‌కూ మధ్య సర్దుకుంది. చూస్తుండగానే దాని రంగు చిక్కబడింది. డెల్ఫీన్ అట్ట మూయలేదు. లోర్నా గారు వచ్చి, ఆమె చేతుల మీద తన చేతులు వేసి, ఇద్దరూ కలిసి మూశారు.

నవంబరు ఒకటిన కవరు ఇవ్వడానికి డెల్ఫీన్ వెళ్లలేదు. థేయర్ గారు అడగలేదు.

ఇక ఎవరు ఏమయ్యారో చెప్పాలి. థేయర్ గారు ఆ వారమే నియమం మార్చారు: గ్రంథాలయంలో చదివి వినిపించిన పుస్తకానికి కూడా చీటీ మీద ముద్ర వేయాలి. ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసి తేనెటీగలు పెంచుతున్నారు. లోర్నా గారు మరి అయిదు శరత్తులు తివాచీ మీద పిల్లల వెనక కూర్చుని, డెల్ఫీన్ చదవగా విన్నారు. ఆరో ఏడు మార్చిలో నిద్రలోనే పోయారు. ఆవిడ ఉండగానే కనెక్టికట్ పెద్దమనిషి నుంచి ఒక జాబు వచ్చింది: మనవలకు చదువుతున్న పుస్తకం చివరి పేజీలో ఖాళీ కుర్చీ మాత్రమే ఉంది, అచ్చుతప్పా అని. మీ మనవలను అడగండి, ఎవరు కూర్చోవాలో వాళ్లే చెబుతారని ఆవిడ రాశారు. ప్రస్తుతం తమ పిల్లి కూర్చుంటోందని మరుసటి ఏడు జవాబు వచ్చింది.

డెల్ఫీన్ ఇరవై నాలుగేళ్లుగా ఆ పుస్తకం చదువుతోంది. ఈ మధ్యలో మరో ఏడు పుస్తకాలు గీసింది. రూబెన్ పడవల మీద పనికి వెళ్లాడు. ఇనెజ్ తాపీ పని నేర్చుకుని ఊరూరా పొగగొట్టాలు కడుతుంది. పోయిన అక్టోబరులో తన మూడేళ్ల కూతుర్ని చంకనేసుకుని, బూట్లకు సున్నంతోనే వచ్చింది. ఆ పిల్లకు కొత్త, ఎవరి దగ్గరికీ వెళ్లదు, తల్లి మెడ వదలదు. డెల్ఫీన్ పదకొండో తలుపు తెరిచింది. పిల్లలు "కూర్చో!" అన్నారు. పిల్లదయ్యం పేజీలోంచి దిగి, ముందు వరుసలో అంత ఖాళీ ఉన్నా ఆగకుండా, గది చివరిదాకా నడిచి, ఇనెజ్ కూతురి పక్కన కూర్చుంది. ఆ పసిది దాని వైపు చూసి, తల్లి ఒళ్లోంచి దిగి, దానికి చోటిస్తూ కొంచెం పక్కకు జరిగింది.