ఫోటో దిగని ఆపరేటర్లు

మగ్దలీనమ్మ పడిపోయినప్పుడు మేనేజరు ముందు చూసింది ఆమెను కాదు, రొయ్యల పెట్టెలను.

"సరుకు కరిగిపోద్ది! ముందు సరుకెత్తండి!" అని అరిచినాడు. నేను నా చెవులతో విన్నాను. చదువుకునే పిల్లలూ, పనికి పోయే అన్నలూ, అక్కలూ, ఈ మాట గుర్తు పెట్టుకోండి. మనిషి నేల మీద ఉంది. వాడు సరుకు ఎత్తమన్నాడు.

నా పేరు ఆనందకుమారి. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే దశరథరామయ్య రొయ్యల ఫ్యాక్టరీ వస్తుంది. అందులో రొయ్యను సైజు చూసి వేరు చేసే బల్ల దగ్గర నా పని. మేం ప్యాక్ చేసిన పెట్టెలను చెక్క ప్యాలెట్ల మీద పేరుస్తారు. వాటిని ఫోర్క్‌లిఫ్ట్ బండి ఎత్తుకుని కోల్డ్ స్టోర్‌లోకి తీసుకుపోతుంది. ఆ బండి పోయేదీ, మేం నడిచేదీ ఒకటే దారి. మధ్యలో గీత లేదు, కమ్మీ లేదు. నేల ఎప్పుడూ తడే.

ఆ పొద్దు బండి తోలింది పెంచల్. సంగం ఊరి అబ్బాయి, పెట్టెలు మోసే లోడరు. పాత ఆపరేటరు మానేసి పోతే లేబర్ కాంట్రాక్టరు మస్తానయ్య ఇతన్ని సీటు ఎక్కించినాడు. మా అందరి ముందే ఎక్కించినాడు.

"నాకు రాదన్నా ఇది" అన్నాడు పెంచల్.

"ట్రాక్టరు తోలినోడివి. ఇదెంతరా నీకు?"

"ట్రాక్టరు వేరన్నా. దీనికి వెనక చక్రాలు తిరుగుతాయి. ముందు చూసుకుంటే వెనకభాగం ఎటు విసురుతాదో తెలీట్లా."

"తోలితే అదే తెలుస్తాది. తోలనంటావా, రేపట్నుంచి రావాకు."

ట్రైనింగ్ అంటే అంతే. మా ఫ్యాక్టరీలో అంతకు మించి ఎవరికీ ఏమీ నేర్పలేదు.

కోల్డ్ స్టోర్ తలుపు దగ్గర మగ్దలీనమ్మ నేల కడుగుతా ఉంది. పెంచల్ ముందు పెట్టెలు నిలువెత్తున ఉన్నాయి, దారి కనపడదు. మలుపు తిప్పినాడు. బండి వెనకభాగం జారి, విసురుగా వచ్చి, ఆమెను తలుపు చట్రానికి అదిమేసింది. ఆమె అరవను కూడా అరవలేదు. అరిచింది పెంచలే.

ఆఫీసు ముందు కంపెనీ కారు నిలబడి ఉంది. "సీట్లు పాడవుతాయి, ఆటో పిలవండి" అన్నారు. ఆమె తమ్ముడు, సమాధానం అని, మాతోనే లోడరు. అక్కను ఒళ్లో పెట్టుకుని ఆటోలో నెల్లూరు ఆసుపత్రికి బయల్దేరినాడు. నెల్లూరు చేరకముందే ప్రాణం పోయింది.

ఇక్కడ ఏం చేసినారో చెప్తాను. పైపుతో నీళ్లు కొట్టినారు. బ్లీచింగ్ చల్లినారు. ఆ నీళ్లు మా గమ్‌బూట్ల కింద నుంచి పారుతుండగా "లైన్ నడపండి" అన్నారు. గోడ పక్కన కూలబడిన పెంచల్‌ను మేనేజరు లేపినాడు. ఎక్కడి నుంచి తెచ్చినారో, ఎప్పుడూ చూడని పసుపు కోటు తొడిగినారు, తలకు హెల్మెట్ పెట్టినారు, బండి పక్కన నిలబెట్టినారు.

"నిటారుగా నిలబడు. కళ్లు తుడుచుకో."

ఫోటో తీసినారు. ఎందుకో మాకు అర్థం కాలేదు. పోలీసులు వచ్చినాక అర్థమైంది. పెంచల్ పేరుతో ఆపరేటర్ కార్డు బయటికొచ్చింది. దాని మీద అదే ఫోటో, ఎప్పటిదో పాత తేదీ. ట్రైనింగ్ తీసుకున్న ఆపరేటరు అజాగ్రత్తగా తోలి మనిషిని చంపినాడని కేసు రాసినారు. పెంచల్‌ను తీసుకుపోయినారు. కంపెనీ చేతులు శుభ్రంగా ఉన్నాయి.



మగ్దలీనమ్మను మట్టి చేసి వచ్చిన సాయంత్రం మా పాలెంలో ప్రార్థన మందిరం ముందు అందరం కూర్చున్నాం. మస్తానయ్య అప్పటికే ఇల్లిల్లూ తిరిగి పోయినాడు. "మీ మనిషిని చంపింది ఆ సంగమోడు. మీ కులమా, మీ మతమా? వాడికోసం మీరు నోరెత్తుతారా?" అని చెప్పి పోయినాడు. సమాధానం పళ్లు కొరుకుతా ఉన్నాడు.

"వాడు బయటికి రానీ. నా చేత్తోనే చంపుతా."

అప్పుడే పెంచల్ తల్లి కామాక్షమ్మ వచ్చింది. సంగం నుంచి బస్సులు మారి వచ్చింది. కొందరు లేచి వెళ్లగొట్టబోయినారు. ఆమె మందిరం మెట్టు దగ్గరే ఆగింది.

"నా కొడుకును వదలమని అడగడానికి రాలేదు నాయనా. నీ అక్క కోసం ఏడవడానికి వచ్చినా. నా బిడ్డ కూడా ఏడస్తా ఉండాడు. తోలనని చెప్పినాడంట గదా. మీరెవురన్నా విన్నారా?"

నేను లేచినాను.

"విన్నాం. అందరం విన్నాం. సమాధానం, నువ్వు ఆ పొద్దు పెంచల్ పక్కనే ఉన్నావు. రాదన్నాడా, లేదా?"

సమాధానం తల దించుకున్నాడు. "అన్నాడు."

"మరి ఎక్కించిందెవరు?"

సుశీల్ కుమార్ అనే లోడరు అడ్డం వచ్చినాడు. "ఆనందక్కా, నిజమే. కానీ మనం నోరెత్తితే రేపు గేటు మూస్తారు. ఇంట్లో పిల్లోళ్లు ఉండారు."

"రేపు నిన్నే ఎక్కిస్తారు సుశీలూ. నీ బండి కింద నేను పడతాను. నీకూ ఒక పసుపు కోటు తొడుగుతారు. అప్పుడు నీ పిల్లోళ్లు ఏం తింటారు?"

సమాధానం లేచి పోయి కామాక్షమ్మకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చినాడు.

నేను చెప్పినట్టే జరిగింది. విదేశాల కొనుగోలుదార్లు తనిఖీకి వస్తున్నారని కంపెనీకి కంగారు పట్టింది. నెల్లూరు నుంచి ఒక ఏజెన్సీ మనిషిని పిలిపించినారు. లోడర్లందరినీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టినారు. హిందీలో ఏదో వీడియో వేసినారు. టీ తాగేలోపల అది అయిపోయింది. ఆ మనిషి బండి దగ్గరికి కూడా పోలేదు.

"ట్రైనింగ్ అయిపోయింది. ఒక్కొక్కరే వచ్చి కోటు తొడుక్కుని ఫోటో దిగండి. కార్డులు ఇస్తాం" అన్నాడు మేనేజరు. అదే పసుపు కోటు. మొదటి పేరు సుశీల్ కుమార్‌ది.

సుశీల్ కోటు చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని బల్ల మీద పెట్టేసినాడు.

"నేను దిగను సార్."

"ఏందిరా?"

"బండి నేర్పండి. ఎన్ని దినాలు పడితే అన్ని దినాలు నేర్పండి. పరీక్ష పెట్టండి. వచ్చిందంటే కార్డియ్యండి. రాకపోతే ఎక్కించొద్దు. ఇది కార్డు కాదు సార్, కేసు. ముందే రాసిపెట్టుకున్న కేసు."

మస్తానయ్య ముందుకొచ్చి కాలరు పట్టుకున్నాడు. సమాధానం లేచినాడు. వెనక లోడర్లంతా లేచినారు. ఆ అరుపులకు మేం రొయ్యలు వేరుచేసే గ్రేడింగ్ హాల్ నుంచి చేతులకు గ్లవ్స్‌తోనే పరిగెత్తి వచ్చినాం. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. అందరం పోయి బండి చుట్టూ తడి నేల మీద కూర్చున్నాం.

మా కోరికలు ఎక్కువేం కాదు. బండి తోలడం సరిగ్గా నేర్పాలి. మనిషి దారి, బండి దారి వేరు చెయ్యాలి. పెంచల్ మీద కేసు తియ్యాలి, ఎక్కించినోళ్ల మీద పెట్టాలి.

గేటు ముందు కంటైనర్ లారీలు ఆగిపోయినాయి. చెరువుల నుంచి వచ్చిన రొయ్య ఐసులో కూర్చుంది. దశరథరామయ్య కారు దిగి ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని వచ్చినాడు. మా వాసన ఆయనకు పడదు, మా చేతుల మీద నుంచి పోయిన రొయ్యే ఆయన ఇల్లు కట్టింది.

"ఒక ఆడమనిషి ఏమరుపాటుగా నిలబడి చచ్చిపోయింది. దానికి ఇంత రాద్ధాంతమా? సరుకు కుళ్లిపోతా ఉంది!"

"కుళ్లనీ" అన్నాడు సమాధానం. అంతే అన్నాడు.

పక్క ఫ్యాక్టరీ నుంచి ఒక ఆపరేటరును పిలిపించినారు. ఆదెయ్య అని పెద్దాయన. బండి దాకా వచ్చినాడు, మమ్మల్ని చూసినాడు, సంగతి అడిగినాడు. విని, బండి తాళంచెవి తిరిగి మేనేజరు చేతిలో పెట్టి మా పక్కన కూర్చున్నాడు.

పోలీసులు వచ్చి నన్నూ, సుశీల్‌నూ, సమాధానాన్నీ వ్యాన్ ఎక్కించినారు. స్టేషన్‌లో ఎస్సై సమాధానాన్ని పక్కన కుర్చీలో కూర్చోబెట్టినాడు.

"చచ్చిపోయింది మీ అక్క. వీళ్లతో నీకేం పని? పెంచల్ అజాగ్రత్తగా తోలినాడని ఒక్క మాట చెప్పు, ఇంటికి పో."

"మా అక్కను చంపినోడి పేరు చెప్తా. రాసుకో సార్."

ఎస్సై పెన్ను తీసినాడు. "చెప్పు."

"దశరథరామయ్య."

పెన్ను ఆగింది. "ఆయన బండి తోలినాడా?"

"తోలించినాడు."

"అట్టా రాయడం కుదరదు."

ఇంతలో బయట ఆటోలు ఆగిన చప్పుడైంది. మా గ్రేడింగ్ హాల్ ఆడవాళ్లు, ఆదెయ్య, ఆయన పిలుచుకొచ్చిన పక్క ఫ్యాక్టరీ లోడర్లు, ముందు వరసలో కామాక్షమ్మ. గేటు బయట నిలబడి అందరూ 'దశరథరామయ్య' అని ఒక్కటే పేరు అరస్తా ఉన్నారు. ఎస్సై లేచి కిటికీ మూసినాడు. అయినా వినపడతానే ఉంది.

సమాధానం కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"రాయండి సార్" అన్నాడు.