మూడో పిలుపు

గంగారాం మగ్గం వెనక నేలమీద గొంతుక్కూర్చుని పాత పడుగు కొసనూ కొత్త పడుగు కొసనూ ఎడమచేతి వేళ్ల మధ్య కలిపి పట్టుకున్నాడు. కుడిచేతి బొటనవేలిని బూడిద డబ్బాలో అద్ది రెండు పోగులనూ కలిపి మెలి తిప్పాడు. అతుకు పడింది. మళ్లీ బూడిద, మళ్లీ మెలి. పడుగు అయిపోయిన మగ్గానికి కొత్త పడుగును పోగుకు పోగు అతకడమే ఆయన పని. సిరిసిల్లలో మరమగ్గాలు ఎంత మోత పెట్టినా, ఈ పనికి మాత్రం మనిషి వేలే కావాలి.

అతికీ అతికీ ఆయన వేళ్ల మీది గీతలు అరిగిపోయాయి. రేషన్ కార్డుకు వేలిముద్ర వేయమంటే కాగితం మీద నల్లటి మరక తప్ప ఏమీ పడలేదు. దొంగతనం చేసినా నిన్ను పట్టేవాడు లేడని షెడ్డులో అందరూ ఆటపట్టించేవారు. నోట్లో నాలుక లేని మనిషి, నవ్వి ఊరుకునేవాడు. పైగా ఆ మోతకు చెవులు సగం పోయాయి. పక్కన నిలబడి అరిస్తే తప్ప వినపడదు. ఒక్క కూతురు నీల పిలుపు సంగతి వేరు. వీధిలోంచి ఆమె "బాపూ" అంటే చాలు, ఎక్కడున్నా "ఓ బిడ్డా" అంటూ లేచేవాడు. అదేం చెవుడో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

ఆ పొద్దున కరెంటు పోయి మగ్గాలు ఆగాయి. షెడ్డు యజమాని భూమయ్య గంగారాం పక్కనే కూర్చుని చాయ్ తాగుతూ పేపరు గట్టిగా చదివి వినిపిస్తున్నాడు.

"మన దగ్గర నూలు మూటలు మోసిన మేడిపల్లి ఆగయ్య యాదికున్నడా? అడివిల కాల్పులైతె పోయిండట. జగిత్యాల నుంచి శవాన్ని ఇయ్యాల ఊరికి తెస్తరట."

గంగారాం తల ఎత్తలేదు. అతుకుతూనే ఉన్నాడు. కాసేపటికి భూమయ్య వంగి చూసి, ఒక పోగు పోయి పక్క పోగుకు అతుక్కుందని చెప్పాడు. ఇన్నేళ్లలో గంగారాం చేతిలో అలాంటి తప్పు జరగలేదు. ఆయన దాన్ని విప్పలేదు. ఇంట్లో పని ఉందని లేచి, తువ్వాల దులుపుకుని బయటికి నడిచాడు.

ఆగయ్య భార్య సాయవ్వ బిడ్డను కని కన్నుమూసింది. అప్పటికే ఆగయ్య అడవిలో నక్సలైటు అన్నలతో తిరుగుతున్నాడని పోలీసులు వెతుకుతున్నారు. అతను ఒక మధ్యాహ్నం పసిగుడ్డును తువ్వాలలో చుట్టి తెచ్చి గంగారాం భార్య లసుమవ్వ ఒడిలో పెట్టాడు. పిల్లల్లేని ఒడి అది. పెద్దయ్యాక కూడా తన పేరు చెప్పవద్దని, చెబితే పోలీసులు పిల్లనూ వదలరని అన్నాడు. తాను చచ్చిననాడు మాత్రం చెప్పమని గంగారాం చెయ్యి పట్టుకున్నాడు. మాలవాడ పిల్ల అంటే సాలెవాడలో ఎవరూ ఇంటి గడప తొక్కరని, ధర్మపురి దిక్కు చుట్టాల పిల్ల అని లసుమవ్వే అందరికీ చెప్పింది. ఆ పిల్లకు అమ్మవారు పోసినప్పుడు గంగారాం పని మానేసి, వేపమండ పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. కన్నవాళ్లు కూడా అంత చేయరని చూసినవాళ్లు అన్నారు. ఆ మాటకు ఆయన లోలోపల ఉలిక్కిపడ్డాడు.

ఇంటికి వచ్చి విషయం చెబితే లసుమవ్వ తలుపు దగ్గరికి వేసింది.

"ఎవలకెరుక? ఊకో. సచ్చినోడు అచ్చి అడుగుతడా?"

"అడుగడు. అందుకే భయమైతుంది" అన్నాడు గంగారాం.

నీల వెనక వసారాలో కండెలు చుడుతోంది. పదహారేళ్ల పిల్ల. ఆయన రాట్నం పక్కన కూర్చుని అంతా చెప్పాడు. ఆమె ఏడవలేదు, చక్రం తిప్పుతూనే ఉంది. గట్లయితె నేను నీ బిడ్డను కాదా అని అడిగింది చివరికి. ఈ పిల్ల ఇక తనను బాపు అనదేమో అని ఆయన భయపడ్డాడు. నీల లేచి చెప్పులు వేసుకుంది.

కోరుట్ల బస్సెక్కి ఇద్దరూ మేడిపల్లిలో దిగేసరికి పాడె లేచింది. వెంట నడిచేవాళ్లు కొద్దిమందే. దూరంగా పోలీసు జీపు ఉంటే ఎవరు వస్తారు? ఆగయ్య తల్లి మల్లక్క నీలను చూసి ఆగింది. గడ్డం పట్టుకుని ముఖం ఎత్తి చూసింది. ఆ కళ్లు సాయవ్వవే. ఎవరివని అడగలేదు, చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది.

సగం దారిలో పాడె దించారు. ప్రాణం ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతుందన్న ఆశతో, అక్కడ దగ్గరివాళ్లు చెవిలో మూడుసార్లు పిలవాలి. దింపుడు కల్లం ఆశ అని ఊరికే అనలేదు.

"కన్న బిడ్డవు నువ్వే ఉన్నవు. పిలువు" అంది మల్లక్క.

నీల వంగింది. నోరు తెరిచి, మూసి, గంగారాం వైపు తిరిగి చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిలుపు ఆమె ఇంకొకరికి ఇచ్చింది లేదు. ఇవ్వమని చెప్పడం ఆయనకూ తేలిక కాలేదు.

"పిలువు బిడ్డా. నాకేం తరుగది" అన్నాడు. అని, చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

మొదటి పిలుపు గాలిలోనే పోయింది. రెండోది మల్లక్కకు వినపడింది. మూడోసారి నీల గుండెలోంచి అరిచింది.

"బాపూ!"

"ఓ బిడ్డా" అన్నాడు గంగారాం.

అన్నాక తెలిసింది ఏం చేశాడో. సిగ్గుతో తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పాడె మోసేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మల్లక్క ఆయన్ను చాలాసేపు చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పలికిండు. ఇగ లేపుండ్రి" అంది.

మట్టి ఇచ్చి రోడ్డు మీదికి వచ్చేసరికి పొద్దు వాలింది. నీల ఎవరి బిడ్డో ఆ కబురు తమకంటే ముందే సాలెవాడ చేరుతుందని గంగారాంకు తెలుసు. లసుమవ్వ ఒక్కతే ఎవరెవరికి జవాబు చెబుతోందో అనుకుంటూ రోడ్డు పక్కన కూర్చున్నాడు.

"బాపూ, బస్సచ్చింది" అంది నీల.

సిరిసిల్లలో భూమయ్య షెడ్డుకు తాళం వేస్తున్నాడు. లోపల ఆ మగ్గం వెనక పడుగు సగం అతికి ఉంది, దాని కింద మూత తీసిన బూడిద డబ్బా ఉంది.